కారు మనది, కొలత కంపెనీది

మే నెల మిట్టమధ్యాహ్నం కర్నూలు బళ్లారి చౌరస్తాలో సిగ్నల్ పడితే, కారు అద్దాలకు నల్ల ఫిల్ము ఎందుకు వేయిస్తారో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఏసీ ఎంత పెంచినా ఎండ పడేవైపు భుజం మాడుతూనే ఉంటుంది. ఆ ఫిల్ము చూసి పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టడం కూడా అంతే మామూలు. తిరకాసంతా ఆ తర్వాతి మాటల్లోనే. ఫిల్ముకు జరిమానా ఎంత, ఏ సెక్షన్ కింద, అసలది నేరమేనా అంటే కారులో ఉన్నాయన ఒకటి చెబుతాడు, బయట నిలబడ్డాయన ఇంకొకటి చెబుతాడు. చిత్రమేమిటంటే చాలాసార్లు ఇద్దరి వైపూ ఎంతోకొంత న్యాయం ఉంటుంది.

కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు మన జిల్లాలో కొదవ లేదు. పాత మహీంద్రా జీపుకు కొత్త రంగేసి ఆదివారం పొద్దున్నే ఓర్వకల్లు రాళ్ల దాకా తోలుకుపోయేవాళ్లున్నారు. సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్‌కు బెంగళూరు నుంచి అలాయ్ వీల్స్ తెప్పించుకునేవాళ్లున్నారు. స్కార్పియో ముందు ఇనుప గార్డు లేకపోతే బండి బోడిగా ఉందనుకునేవాళ్లూ ఉన్నారు. అందరి కోపమూ ఒకటే: "నా దుడ్డు, నా బండి. నచ్చింది పెట్టుకుంటే నేరమా? మేమేం దొంగలమా?" చట్టాన్ని వరసగా చదివితే ఈ కోపంలో కొంత సరైనదేనని, కొంత మాత్రం తప్పు మనిషి మీద చూపిస్తున్నారని తెలుస్తుంది.

నాలుగు కాగితాలు

రోడ్డు పక్కన వాదనలు తెగకపోవడానికి పెద్ద కారణం, ట్రాఫిక్ చట్టం అంటే ఒక్కటే పుస్తకం అనుకోవడం. నిజానికి నాలుగు రకాల కాగితాలున్నాయి. మొదటిది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 2019లో పార్లమెంటు దీన్ని గట్టిగా సవరించింది, పెరిగిన జరిమానాలు ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. రెండోది 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు. అద్దం ఎంత వెలుతురు పంపాలి, హారన్ ఎలా మోగాలి, నంబరు ప్లేటు ఎలా ఉండాలి వంటి వివరాలన్నీ ఇందులో ఉంటాయి. మూడోది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే జీవో. నాలుగోది కోర్టు తీర్పులు.

వీటిలో జనానికి బొత్తిగా తెలియనిది జీవో సంగతి. చట్టంలో రాసి ఉన్న శిక్ష కోర్టు వేసేది. రోడ్డు మీద మనం కట్టేది అది కాదు. కేసు కోర్టుదాకా పోకుండా అక్కడికక్కడే తేల్చుకునే వెసులుబాటును 200వ సెక్షన్ ఇచ్చింది, దాన్నే కాంపౌండింగ్ అంటారు. ఏ తప్పుకు ఎంత, ఏ హోదా అధికారి వసూలు చెయ్యొచ్చు అన్నది రాష్ట్రం చెబుతుంది. మన రాష్ట్రం సవరణ వచ్చాక ఏడాదికి పైగా ఆగి, 2020 అక్టోబరులో కొత్త రేట్లు ప్రకటించింది. కాబట్టి వాట్సాప్‌లో తిరిగే పట్టిక చేత పట్టుకుని ఎస్సైతో వాదించడం దండగ. అది చట్టంలోని గరిష్ఠ శిక్షల పట్టిక కావచ్చు, కర్ణాటకదో తెలంగాణదో కూడా కావచ్చు.

ఇంకో సంగతి. కాంపౌండింగ్‌కు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మన ఇష్టం. "అయితే కోర్టుకు పోతావా?" అని పోలీసాయన అంటే బెదిరింపులా వినిపిస్తుంది గానీ, ఆయన చెప్పేది మన హక్కునే. తాగి నడిపిన కేసు మాత్రం ఈ దారిలోకి రాదు, కోర్టుకు పోవాల్సిందే. ప్రమాదకరంగా నడిపిన కేసు కూడా అంతే. నడుపుతూ చేతిలో ఫోను పట్టుకున్న తప్పును మాత్రం అక్కడే తేల్చుకోవచ్చు.

ఫిల్ము కథ

అద్దాల సంగతి 100వ నియమంలో ఉంది. ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం వెలుతురు లోపలికి పోనివ్వాలి, పక్క అద్దాలు 50 శాతం. ఇంతవరకే ఉంటే గొడవ లేదు, కొలిచి చూసుకోవచ్చు. కానీ 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఒక అడుగు ముందుకేసింది. అద్దమే ఆ కొలతతో కంపెనీ నుంచి తయారై రావాలి, దాని మీద ఎంత శాతం ఫిల్మయినా సరే తర్వాత అంటించకూడదు అని చెప్పింది. జడ్, జడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. నల్ల అద్దాల చాటున జరిగే నేరాలను ఆపడం ఆ తీర్పు ఉద్దేశం.

ఆ ఉద్దేశం సీమవాళ్లకు కొత్తగా అర్థం కావాల్సిందేమీ లేదు. నల్ల అద్దాల బండ్లు వరసగా వస్తుంటే అంగళ్లు మూసుకున్న రోజులు చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇక్కడ పనిచేసే పోలీసుకు నల్ల అద్దం కనిపిస్తే ఎండ గుర్తుకు రాదు, లోపల ఎవరున్నారన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ కుర్రాడి మీద పడడం వాడికి అన్యాయంగా తోచొచ్చు. కానీ అది గాల్లోంచి పుట్టింది కాదు.

తర్వాత కథ మలుపు తిరిగింది. 100వ నియమంలో సేఫ్టీ గ్లాస్‌తో పాటు సేఫ్టీ గ్లేజింగ్ అన్న మాట చేర్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అది అమలైంది. లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దమూ అందులోకి వస్తుంది. దాన్ని పట్టుకుని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70, 50 శాతాల కొలత తప్పకపోతే ఫిల్ము వేసినంత మాత్రాన జరిమానా వెయ్యకూడదని తీర్పిచ్చింది. ఇక ఫిల్ములు అంటించే అంగళ్లకు పండగే పండగ. రోడ్డు మీద సంభాషణ కూడా మారిపోయింది.

"ఏమప్పా, ఫిల్ము ఎయ్యగూడదని తెలీదా?"

"సార్, ఇది ఫిఫ్టీ పర్సెంట్ ఫిల్ము సార్. కేరళ కోర్టు ఒప్పుకునింది."

"అట్లయితే కేరళలో తిప్పుకోపో."

నవ్వొచ్చినా ఆ పోలీసాయన చెప్పింది న్యాయశాస్త్రమే. కేరళ తీర్పును ఆంధ్రప్రదేశ్ కోర్టులో చూపించి వాదించుకోవచ్చు, అంతవరకే. అది ఇక్కడి అధికారి చేతులు కట్టేయదు. పైగా 2012 నాటి తీర్పు సుప్రీంకోర్టుది.

అంగడివాడు చెప్పని లెక్క ఇంకోటుంది. కంపెనీ నుంచి వచ్చే అద్దం ఎటూ నూటికి నూరు శాతం వెలుతురు పంపదు. ఉదాహరణకు 75 శాతం పంపుతుందనుకుందాం. దాని మీద 50 శాతం ఫిల్ము అంటిస్తే లోపలికి చేరేది ఆ 75లో సగం, అంటే 37.5 శాతం. అంటే 'లీగల్ ఫిఫ్టీ' అని డబ్బు తీసుకుని అంటించిన ఫిల్ము కేరళలో కూడా కొలతకు నిలబడదు. పక్క అద్దం మొత్తంగా 50 శాతం పంపాలంటే ఫిల్ము ఒక్కటే 67 శాతం దాకా పంపేదై ఉండాలి. అంత పలచటి ఫిల్ము కంటికి నల్లగా కనిపించదు. అసలు కావాల్సింది చల్లదనమే అయితే నలుపుతో పనిలేదు. వేడి ఎక్కువగా మోసుకొచ్చేది కంటికి కనిపించని పరారుణ కిరణాలు, వాటిని ఆపే తెల్లటి ఫిల్ములున్నాయి. ఆ మాట చెబితే మనవాళ్ల మొహాలు వాడిపోతాయి. చల్లదనం ఒక సాకు, నలుపు మీద మోజు అసలు కారణం అని అప్పుడే బయటపడుతుంది.

పోలీసుల వైపూ ఒక లోటుంది. వెలుతురు శాతం కొలిచే చిన్న మీటరు అరచేతిలో పడుతుంది. మన కూడళ్లలో ఏ అధికారి చేతిలోనూ నేను దాన్ని చూడలేదు. కంటిచూపుతోనే తీర్పు.

ఐదు వందలకూ ఐదు వేలకూ మధ్య

ఇప్పుడు డబ్బు దగ్గరికొద్దాం. నిర్దిష్టంగా వేరే శిక్ష చెప్పని చిన్న తప్పులన్నిటికీ చట్టంలో 177వ సెక్షన్ ఉంది. మొదటిసారి ఐదు వందల దాకా, మళ్లీ చేస్తే పదిహేను వందల దాకా. 2019 సవరణలో 182ఎ(4) అని కొత్తది వచ్చింది. అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకూ ఐదు వేల చొప్పున జరిమానా, లేదా రెండూ. తర్వాత అమర్చుకున్న విడిభాగాలూ ఇందులోకే వస్తాయని అందులోనే రాశారు. 'ఒక్కో మార్పుకూ' అన్నది గమనించండి. ఫిల్ము, హారన్, సైలెన్సరు, గార్డు ఉన్న బండికి కాగితం మీద లెక్క ఇరవై వేలకు పోతుంది.

మరి ఫిల్ము 177 కిందికి వస్తుందా, 182ఎ(4) కిందికా? రెండూ వాదించొచ్చు. ఐదు వందలకూ ఐదు వేలకూ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే బేరం పుడుతుంది. "ఐదు వేలు రాయమంటావా, నువ్వే చెప్పు" అన్న మాటకు అంత బలం రావడానికి కారణం లంచగొండితనం ఒక్కటే కాదు, చట్టం అంచులు పలచగా ఉండడం కూడా. అందుకే చలానా చేతికి రాగానే చూడాల్సింది అంకె కాదు, దాని పక్కన రాసిన సెక్షన్.

ఈ రెండింటికీ వెనుక ఉన్నది 52వ సెక్షన్. ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ మొదట చెప్పిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు అన్నది దాని సారం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో దీన్ని మరింత బిగించింది. రాష్ట్రాల నియమాలు ఒప్పుకున్నా సరే, కంపెనీ కొలతలకు విరుద్ధమైన మార్పు చెల్లదంది. కాబట్టి మనవాళ్లు మొదట చూసుకోవాల్సింది తమ ఆర్సీనే. బండి రంగు, ఇంధనం, సీట్ల సంఖ్య, బాడీ రకం, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఖాళీ బండి బరువు అందులో ఉంటాయి. సీట్ కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ ఉండవు. ఎర్ర కారును నల్లగా మార్చాలన్నా, సీఎన్‌జీ కిట్టు పెట్టాలన్నా, పాత బండిని ఎలక్ట్రిక్ చేయాలన్నా దారి ఉంది, ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. పైకప్పు కోసేసి ఓపెన్ టాప్ చేసిన జీపుకు మాత్రం ఆ దారి మూసుకుపోయింది.

నా ఉద్దేశంలో చట్టంలోని నిజమైన అన్యాయం ఇక్కడుంది. కంపెనీ బిగించిందేదీ తప్పు కాదు, మనం బిగించిందేదైనా నేరం. ఈ రెంటికీ మధ్య 'పరీక్షించి ఒప్పుకున్నది' అనే మూడో గది లేదు. జర్మనీలో మార్కెట్లో దొరికే విడిభాగాన్ని ముందే పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు. ఆ కాగితం బండిలో ఉంటే పోలీసుతో పేచీ లేదు. మన దగ్గర సీఎన్‌జీ కిట్లకు, ఎలక్ట్రిక్ కిట్లకు అలాంటి ఏర్పాటు చేశారు. మార్పులకు ప్రమాణాలు, షరతులు నిర్ణయించే అధికారాన్ని 2019 సవరణలోనే 52వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. లైట్లకు, సస్పెన్షన్‌కు, సైలెన్సర్లకు ఆ అధికారం వాడి ఒక పద్ధతి పెట్టలేదు. దాంతో నాణ్యమైన సరుకు పెట్టుకున్నవాడూ, తుక్కు సరుకు పెట్టుకున్నవాడూ ఒకే గాటన పడుతున్నారు.

ఇనుప గార్డు, తెల్ల లైటు

అలాగని పోలీసులు పట్టుకునేవన్నీ పనికిమాలిన తప్పులని నేననను. రెండిటి విషయంలో చట్టమే సరి, మన సరదా తప్పు.

ఒకటి ముందు బంపరుకు బిగించే ఇనుప గార్డు. మన పల్లెదారుల్లో పొద్దుగూకే వేళ గొర్రెల మందలు, ఎనుములు రోడ్డెక్కుతాయి కాబట్టి గార్డు ఉంటే ధైర్యం అనుకుంటారు. లోపల జరిగేది చూడండి. కారు ముందు భాగాన్ని కావాలనే నలిగేలా చేస్తారు. గుద్దినప్పుడు ఆ రేకు నలగడానికి పట్టే రెప్పపాటు కాలమే లోపలి మనిషికి దెబ్బను తగ్గిస్తుంది. ఆ దెబ్బ తీరును ముందున్న సెన్సర్లు పసిగట్టి ఎయిర్‌బ్యాగులు ఎప్పుడు తెరుచుకోవాలో చెబుతాయి. గార్డును తీసుకెళ్లి నేరుగా ఛాసిస్‌కు బిగిస్తే దెబ్బ నలిగే భాగాన్ని దాటేసి ఛాసిస్‌కు పోతుంది. ఎయిర్‌బ్యాగు ఆలస్యంగా తెరుచుకోవచ్చు, అసలు తెరుచుకోకపోవచ్చు. బయట నడిచిపోయే మనిషికైతే మెత్తటి ప్లాస్టిక్ బదులు ఇనుప గొట్టం తగులుతుంది. 2017 డిసెంబరులో కేంద్రం ఈ గార్డులు 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది.

రెండోది లైట్లు. పసుపు రంగు హాలోజన్ బల్బు కోసం తయారుచేసిన హెడ్‌లైటు గిన్నెలో లోపలి వంకరలన్నీ ఆ బల్బు తీగ ఎక్కడుంటుందో చూసి చేసినవి. అందులో తెల్లటి ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుగు పుట్టే చోటు మారుతుంది. లో బీమ్ అంచు చెదిరి కాంతి ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. నడిపేవాడికి మాత్రం రోడ్డు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కోడుమూరు దారిలో రాత్రిపూట బైకు మీద ఎదురొచ్చేవాణ్ణి అడిగితే ఆ బ్రహ్మాండం ఏమిటో చెబుతాడు. ఇక జీపు నెత్తిన పెట్టే లైట్ బార్ల సంగతంటారా, ప్రత్యేక అనుమతి లేకుండా ముందు స్పాట్ లైటు పెట్టకూడదని 111వ నియమం ఎప్పటినుంచో చెబుతోంది.

హారన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రకరకాల స్వరాలు పలికే హారన్లు 119వ నియమం ప్రకారం నిషిద్ధం, సరైన నిషేధమే. సైలెన్సరు విషయంలో మాత్రం అమలు తీరు బాగోలేదు. చప్పుడు, పొగ ప్రమాణాలు దాటితే 190(2) సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. ఇంత శిక్ష ఉన్న తప్పును చెవితో విని తేలుస్తున్నారు. పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించే ఫోటోలు పత్రికల్లో చూస్తుంటాం. చట్టం చెప్పిన శిక్షల్లో రోడ్డు రోలరు లేదు.

చెయ్యి అడ్డం పెట్టాక

బండి ఆపమన్నప్పుడు ఆపడం మన బాధ్యత. లైసెన్సు అడిగే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి 130వ సెక్షన్ ఇచ్చింది. కాగితాలు ఫోనులో చూపిస్తే చాలు. 139వ నియమాన్ని 2018 నవంబరులో సవరించి డిజిలాకర్, ఎం-పరివాహన్ వంటి ప్రభుత్వ యాప్‌లలోని పత్రాలను అసలుతో సమానం చేశారు. ఆర్సీని ఫోటో తీసి గ్యాలరీలో దాచుకున్నది మాత్రం చెల్లదు. ఈ తేడా తెలియక గొడవ పడేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

బండి తాళం చెవి లాక్కోవడం మన దగ్గర అలవాటుగా మారింది. అలా చెయ్యమని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. బండిని నిలిపేసే అధికారం 207వ సెక్షన్‌లో ఉంది, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం వంటి కారణాలకు. అలా నిలిపితే దానికీ కాగితం ఇవ్వాలి. ఈ సెక్షన్లన్నీ నోటికొచ్చినా ఎండలో నిలబడి డ్యూటీ చేస్తున్న మనిషికి పాఠం చెప్పినట్టు ఏకరువు పెడితే పని చెడుతుంది. "సార్, ఏ సెక్షన్ రాస్తున్నారో చెప్పండి, మిషన్ రసీదు ఇవ్వండి" అన్న ఒక్క మాట మర్యాదగా అంటే బేరాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

సరిహద్దు జిల్లా కావడంతో మనకు ఇంకో తలనొప్పి ఉంది. తుంగభద్ర దాటితే తెలంగాణ, ఆలూరు దాటి కాస్త పోతే కర్ణాటక. హైదరాబాదులో, బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ కార్లు చవకని తెచ్చుకుని ఆ నంబరుతోనే ఏళ్ల తరబడి తిప్పుతారు. వేరే రాష్ట్రం నంబరు ఉండడం నేరం కాదు. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే మాత్రం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. నిన్న సాయంత్రం సరిహద్దు దాటి వచ్చిన చుట్టపు కారును కేఏ ప్లేటు చూసి ఆపి లైఫ్ ట్యాక్స్ అడగడం అన్యాయం. రెండేళ్లుగా వెంకటరమణ కాలనీలోనో కల్లూరులోనో ఉంటున్న కేఏ కారు యజమాని "నిన్ననే వచ్చినా సార్" అనడమూ అన్యాయమే. కారు ఎవరి పేరున ఉంటే చలానాలు వాళ్ల పేరునే పడతాయి కాబట్టి, అమ్మినాయన ఎక్కడో కూర్చుని మన వేగానికి జరిమానా కడుతుంటాడు.

కెమెరా కన్ను

మనిషి ఆపడం తగ్గి కెమెరా రాయడం పెరిగాక, 'పోలీసు ముఖం చూసి వదిలేస్తాడు' అన్న ఫిర్యాదు తగ్గాలి. కొంత తగ్గింది కూడా. 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నియమం కెమెరాలకు హద్దులు గీసింది. పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి. కెమెరా ఉన్న రోడ్డు మొదట్లో హెచ్చరిక బోర్డు కనిపించేలా పెట్టాలి. తప్పు జరిగిన పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి, అందులో ఫోటో, పరికరం చూపిన కొలత, తేదీ, సమయం, చోటు ఉండాలి. ఈ ఏర్పాటు తప్పనిసరిగా చెయ్యాలన్న 132 నగరాల జాబితాలో ఆంధ్రప్రదేశ్‌వి 13 ఉన్నాయి, మన కర్నూలు, అనంతపురం, కడప మూడూ అందులోవే.

మరి చెట్టు చాటున నిలబడి సెల్‌ఫోనుతో ఫోటో తీసి పంపే చలానా సంగతి? నియమంలో స్పీడ్ గన్, సీసీ కెమెరా, ఒంటికి తగిలించుకునే కెమెరా వంటివి పేరు పెట్టి రాశారు. సెల్‌ఫోను పేరు లేదు. కానీ రాష్ట్రం చెప్పిన మరే సాధనమైనా అన్న మాట చివర్లో ఉంది. కాబట్టి అడ్డంగా చెల్లదనలేం. బోర్డు లేదు, ధ్రువీకరణ లేదు అన్న వాదన మాత్రం కోర్టులో గట్టిదే.

వేగం దగ్గర నేను కార్లవాళ్ల పక్షాన ఉండలేను. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ చావుల్లో పదింట ఏడు అతివేగం ఖాతాలోవే. రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతమే అయినా మూడో వంతుకు మించిన చావులు వాటి మీదే. 44వ నంబరు హైవే మన ఊరి పక్కనే ఉంది. "రోడ్డు ఖాళీగా ఉంది, బండికి సత్తువ ఉంది" అని డోన్ దాకా రేసు పెట్టుకుంటే 189వ సెక్షన్ ఉంది, మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా ఐదు వేలు. వేగం మోజు తీరాలంటే చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. దూరం నిజమే, ఖర్చూ నిజమే. కానీ ఎదురుగా వచ్చే ఎద్దులబండి అక్కడ ఉండదు.

ఎవరు దొరుకుతారు, ఎవరు దొరకరు

న్యాయం గురించి అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకుపోయి మంటల్లో కాలిపోయింది. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు సజీవంగా దహనమయ్యారు. ఆ బస్సు సీటర్‌గా రిజిస్టరై స్లీపర్‌గా మారిందని, ఒకచోటి నుంచి ఇంకోచోటికి రిజిస్ట్రేషన్ మార్చుకుందని, వేగం చలానాలు పేరుకుపోయి ఉన్నాయని అప్పట్లో పత్రికలు రాశాయి. సీట్ల సంఖ్య, బాడీ రకం ఆర్సీలో మొదటి వరసలో ఉండే వివరాలు. 52వ సెక్షన్ ఉన్నదే ఇలాంటి వాటి కోసం. అదే హైవే మీద, అదే సెక్షన్ పేరు చెప్పి, ఒక కుర్రాడి కారు బంపరు స్టిక్కరు దగ్గర ఆగిపోతే వాడికి చట్టం మీద గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇందులో కుట్ర ఏమీ లేదనుకుంటాను. కూడలిలో నిలబడ్డ మనిషికి కంటికి కనిపించేవి, ఎండలో నిమిషంలో తేలిపోయేవి దొరుకుతాయి: నల్ల అద్దం, మెరిసే నంబరు ప్లేటు, సీట్ బెల్టు. బస్సు లోపల అత్యవసర ద్వారం బెర్తు వెనక పడిపోయిందా, బ్రేకు లైనింగు అరిగిందా అన్నది చూడాలంటే బండిని పక్కకు తీసి అరగంట కూర్చోవాలి, ప్రయాణికుల తిట్లు తినాలి. రోజు చివర్లో పైఅధికారి అడిగేది ఎన్ని చలానాలని. ఆ లెక్కకు అద్దమే సులువు.

రెండో అసమానత మనందరికీ కళ్లముందు ఉన్నదే. నాయకుల వెనక తిరిగే బండ్ల అద్దాలు ఏ రంగులో ఉంటాయో, సైరన్లు ఎలా మోగుతాయో చెప్పక్కర్లేదు. 2017 మే 1 నుంచి ఎర్రబుగ్గలు తీసేశారు, వాటి స్థానంలోకి 'ప్రెస్', 'పోలీస్' స్టిక్కర్లు వచ్చాయి. చట్టం ఈ విషయంలో మనం అనుకున్నంత మెతక కాదు. 2019 సవరణలో 210బి అని ఒక సెక్షన్ చేర్చారు: ఈ చట్టాన్ని అమలుచేసే అధికారం ఉన్నవాళ్లే తప్పు చేస్తే మామూలు శిక్షకు రెట్టింపు. హెల్మెట్ లేని కానిస్టేబులుకు మనకంటే రెండింతల జరిమానా పడాలన్నమాట. 198ఎ ఇంకోటి: రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, వికలాంగుడైనా కాంట్రాక్టరుకో, బాధ్యత ఉన్న సంస్థకో లక్ష దాకా జరిమానా.

210బి కింద, 198ఎ కింద కర్నూలు జిల్లాలో ఇప్పటిదాకా ఎన్ని కేసులు పెట్టారు, 182ఎ(4) కింద పెట్టినవాటిలో కార్లెన్ని, బస్సులెన్ని అన్నది ఎవరైనా అడగొచ్చు. సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఎస్పీ కార్యాలయంలో, రవాణా శాఖ కార్యాలయంలో ఒక్కో అర్జీకి పది రూపాయల రుసుము. జవాబు ముప్పై రోజుల్లో ఇవ్వాలి.